శ్వాస గడిలో 20: ఒక నైట్ డ్యూటీ కేస్ స్టడీ

గుంటూరులో 120 పడకల ప్రైవేటు ఆసుపత్రిలో నేను నర్సింగ్ సూపరింటెండెంట్‌ని. మా సర్జికల్ వార్డులో ఒక రాత్రి జరిగిన కేసు ఇది. పేషెంటునీ, సిస్టర్‌నీ ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. ఆ రాత్రి ఏది తర్వాత ఏది జరిగిందో ఆ వరస మాత్రం మార్చలేదు. ఈ కేసులో ఎవరూ తప్పు మందు ఇవ్వలేదు, డోసు మారలేదు, డ్యూటీలో ఎవరూ నిద్రపోలేదు. అయినా ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. అందుకే దీన్ని పూర్తిగా రాయాలనిపించింది.

పేషెంటుకి 54 ఏళ్లు. సత్తెనపల్లి వైపు పల్లె. మిర్చి సీజన్‌లో కాయల తొడిమలు తీసే కూలికి వెళుతుంది. షుగర్ ఉంది. బొడ్డు దగ్గర హెర్నియా చిక్కుకుని పేగు నల్లబడ్డ స్థితిలో తీసుకొచ్చారు. పాడైన ముక్క తీసేసి రెండు కొసలూ కలిపి కుట్టారు. నాలుగు రోజులు బాగానే ఉంది. ఐదో రోజు పొద్దున నీళ్లు, పలచటి మజ్జిగ మొదలుపెట్టారు. సాయంత్రం కూతురి చెయ్యి పట్టుకుని వరండాలో నాలుగడుగులు వేసింది కూడా.

ఆ రాత్రి

వార్డులో 28 పడకలు, ఆ రాత్రి 26 మంది పేషెంట్లు. రోస్టర్ ప్రకారం నైట్‌కి ముగ్గురు స్టాఫ్ నర్సులు ఉండాలి. 9 గంటలకు ఐసీయూ నుంచి ఫోన్ వచ్చింది, అక్కడ ఒక సిస్టర్ రాలేదని. సర్జికల్‌లో ఉన్న ముగ్గురిలో సీనియర్‌ని అక్కడికి పంపాం. ఇంటి నుంచి ఫోన్‌లో సరేనన్నది నేనే. మిగిలింది ఇద్దరు సిస్టర్లు, ఒక ఆయమ్మ. ఆ ఇద్దరిలో ఒకమ్మాయి జీఎన్‌ఎం పూర్తి చేసి (నర్సింగ్ డిప్లొమా) ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు. రెండో ఆమెకి నాలుగేళ్ల అనుభవం ఉంది గానీ అదంతా డయాలసిస్‌లో. సర్జికల్‌కి వచ్చి వారం కూడా కాలేదు.

10 గంటల రౌండ్‌లో మన పేషెంటుకి పల్స్ 96, బీపీ 118/76, టెంపరేచర్ 99, రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ 96, శ్వాస నిమిషానికి 20 అని రాసి ఉంది. 11:10కి క్యాజువాలిటీ నుంచి కొత్త అడ్మిషన్. 12:15కి 9వ బెడ్‌లో గొడవ. అతను తాగుడు మానేసి మూడు రోజులైంది. వణుకు, కేకలు. సెలైన్ ఎక్కించే క్యాన్యులా పీకేసుకున్నాడు, యూరిన్ ట్యూబ్ లాగేసుకోబోయాడు. ఇద్దరు సిస్టర్లూ, ఆయమ్మా, పక్క బెడ్ తాలూకు మనిషీ కలిసి పట్టుకుంటే గానీ కొత్త క్యాన్యులా పెట్టలేకపోయారు. 1:20కి 17వ బెడ్‌కి బ్లడ్ ఎక్కించడం మొదలైంది. బ్లడ్ మొదలుపెట్టాక మొదటి 15 నిమిషాలు సిస్టర్ పక్కనే ఉండాలి, ప్రమాదకరమైన రియాక్షన్లు ఎక్కువగా అప్పుడే మొదలవుతాయి.

1:30కి కూతురు వచ్చింది. "సిస్టర్, అమ్మ ఎగపోస్తోంది, ఒకసారి వచ్చి చూడరా" అని అడిగింది. బ్లడ్ దగ్గర నిలబడ్డ చిన్న సిస్టర్ "పది నిమిషాల్లో వస్తానమ్మా" అంది. మాట తప్పలేదు, వెళ్లింది. వెళ్లేసరికి 2:10 అయింది. పల్స్ 114, బీపీ 108/70, టెంపరేచర్ 100.6, శాచురేషన్ 94, శ్వాస 20. జ్వరానికి రాసి ఉన్న పారాసెటమాల్ పెట్టి, మంచం తల వైపు ఎత్తి, పక్క బెడ్‌కి వెళ్లింది.

3 గంటలకు ఒక సిస్టర్ ఇండెంట్ (కావాల్సిన మందుల చీటీ) పట్టుకుని కింద ఫార్మసీకి వెళ్లింది. రాత్రుళ్లు మందులు తెచ్చే అబ్బాయి లేడు. తిరిగి వచ్చేసరికి ఇరవై నిమిషాలు. ఆ తర్వాత వాడిన సిరంజీలు, గ్లౌజులు, సెలైన్లు అన్నీ కంప్యూటర్‌లో బిల్లింగ్ ఎంట్రీలు. పొద్దున డిశ్చార్జ్‌లు ఉంటే అవి రాత్రే పూర్తవ్వాలని మా రూలు.

5:40కి కూతురు పరుగెత్తుకొచ్చింది. "అమ్మ ఏదేదో మాట్లాడుతోంది, నన్ను గుర్తుపట్టట్లేదు." బీపీ పైది 82. పల్స్ 132, శాచురేషన్ 89. డ్యూటీ డాక్టర్ వచ్చి తన వాచీ చూసుకుంటూ శ్వాస లెక్కపెట్టి 34 అని రాశారు. ఐసీయూ, ఆక్సిజన్, స్కాన్, 9 గంటలకల్లా మళ్లీ ఆపరేషన్. అతుకు దగ్గర లీకై కడుపంతా చీము. పేగుని కడుపు మీదికి తీసి సంచి పెట్టారు. నాలుగు రోజులు వెంటిలేటర్, మొత్తం తొమ్మిది రోజులు ఐసీయూ. ఆమె బతికింది. 26వ రోజు ఇంటికి వెళ్లింది.

పేగు అతుకు లీకవడం ఎంత మంచి సర్జన్ చేతిలోనైనా అప్పుడప్పుడూ జరుగుతుంది, షుగర్ ఉన్నవాళ్లలో, ఎమర్జెన్సీ ఆపరేషన్లలో ఇంకా ఎక్కువ. జెఫ్రీ సిల్బర్ అనే అమెరికా డాక్టర్ బృందం 1992లోనే ఈ తేడాను విడదీసి చూపించింది: కాంప్లికేషన్ రావడం వేరు, వచ్చినదాన్ని సకాలంలో పట్టుకుని మనిషిని కాపాడలేకపోవడం వేరు. మొదటిదాంట్లో పేషెంటు వయసు, పాత జబ్బుల వంటివాటి పాత్ర ఎక్కువ. రెండోదాంట్లో ఆసుపత్రి ఎలా నడుస్తోందో బయటపడుతుంది. మా కేసులో ఆ రెండోది 2:10కీ 5:40కీ మధ్య ఉన్న మూడున్నర గంటలు.

గడియారం

మర్నాడు ఆ వార్డులో ఉన్న 26 కేస్ షీట్లూ తెప్పించుకుని నైట్ రీడింగులు చూశాను. పల్స్ 72, 88, 104 ఇలా ఎవరిది వాళ్లకే ఉంది. బీపీలు వేర్వేరు. శ్వాస గడిలో మాత్రం 20, 20, 20. పంతొమ్మిదేళ్ల అపెండిక్స్ కుర్రాడికీ 20, ఆస్తమా ఉన్న ఎనభై ఏళ్ల తాతగారికీ 20. వెనక్కి వారం రోజులు తిప్పాను. అదే అంకె. ఆ షీట్ల కింద రోజూ ఇన్‌ఛార్జ్ సిస్టర్ సంతకం, వారానికోసారి నా సంతకం ఉన్నాయి.

రెండు రోజులాగి ఆ చిన్న సిస్టర్‌ని నా గదికి పిలిచాను. అప్పటికే ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయి ఉంది. టీ తెప్పించి, తలుపు వేసి, "నిన్ను ఏమీ అనడానికి పిలవలేదమ్మా, ఏం జరిగిందో చెప్పు" అన్నాను. కాసేపు కప్పు పట్టుకుని కూర్చుంది. తర్వాత నెమ్మదిగా, "లెక్కపెట్టలేదు మేడం. నైట్‌లో ఎవరం లెక్కపెట్టం" అంది. "కాలేజీలో నిమిషం పాటు లెక్కపెట్టాలని నేర్పారు కదా" అన్నాను. "దేన్ని చూసి లెక్కపెట్టాలి మేడం?" అని అడిగింది.

నాకు వెంటనే అర్థం కాలేదు. డ్యూటీ ఎక్కగానే ఫోన్లు లాకర్లో పెట్టాలని సర్క్యులర్ ఇచ్చింది నేను. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ కోసం మోచేతి కింద వాచీ, గాజులు ఉండకూడదని రాసిందీ నేనే. ఇక మిగిలింది నర్సింగ్ స్టేషన్ పైన గోడ గడియారం. లేచి వార్డుకి వెళ్లి చూశాను. గంటల ముల్లు, నిమిషాల ముల్లు తిరుగుతున్నాయి. సెకన్ల ముల్లు, సన్నటి ఎర్రది, ఊడిపోయి అద్దం లోపల అడుగున పడి ఉంది. దాని మీద దుమ్ము. ఆ గడియారం కింద నేను కొన్ని వందల సార్లు నిలబడి ఉంటాను.

ఆ అమ్మాయి ఇంకో మాట కూడా చెప్పింది. రెండు గంటల రౌండ్‌లో ఆమెకి ఏదో తేడాగానే అనిపించిందట. సార్‌కి ఫోన్ చేద్దామనుకుంది. కానీ అంతకుముందు వారం వేరే పేషెంటు గురించి రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే, "100 టెంపరేచర్‌కి నిద్రలేపుతావా, నీకు నర్సింగ్ ఎవరు నేర్పారు" అని అందరూ వినేలా తిట్టారు. అది గుర్తొచ్చి ఆగిపోయింది. అది ఆమెకి వరుసగా ఐదో నైట్. ముందు రోజు పగలు నాలుగు గంటలు కూడా పడుకోలేదు, హాస్టల్ గదిలో ఆరుగురు.

ఆమె రాసిన రీడింగులనే న్యూస్ (నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్) అనే స్కోర్‌లో పెట్టి చూశాను. లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి 2017లో సవరించిన పద్ధతి ఇది. ప్రతి రీడింగుకీ మార్కులు వేసి కూడతారు. 10 గంటలకి పల్స్ 96కి ఒక మార్కు, మొత్తం 1. భయపడాల్సింది లేదు. 2:10కి పల్స్ 114కి 2, బీపీ 108కి 1, టెంపరేచర్ 100.6కి 1, శాచురేషన్ 94కి 1. మొత్తం 5. శ్వాస 20 కాబట్టి దానికి సున్నా. 5 వచ్చిందంటే డాక్టర్ అర్జెంటుగా వచ్చి చూడాలి. నిజంగా లెక్కపెట్టి ఉంటే? ఎగపోస్తోందని కూతురు నలభై నిమిషాల ముందే చెప్పింది. 25 గానీ ఆ పైన గానీ ఉంటే ఆ ఒక్క గడికే 3 మార్కులు, మొత్తం 8. 7 గానీ ఆ పైన గానీ వస్తే ఎమర్జెన్సీ. లెక్కపెట్టకపోయినా 5 ఉంది, అది కూడా మాకు కనిపించలేదు. ఎందుకంటే కూడే చార్టు మా దగ్గర లేదు. ఐసీయూలో ఉంది, వార్డుల్లో లేదు.

టైమ్ ఎక్కడికి పోయింది

చదివేవాళ్లకి ఒక అనుమానం రావచ్చు, నిమిషం పాటు శ్వాస లెక్కపెట్టడానికి మనుషుల కొరత ఏమిటని. ఆ రాత్రి ఒక్కో సిస్టర్‌కి 13 మంది. ఒక పేషెంటుకి అన్ని రీడింగులూ సరిగ్గా తీసి రాయడానికి ఐదు నిమిషాలు. 13 మందికి 65 నిమిషాలు, అదీ మధ్యలో ఎవరూ పిలవకపోతే. అదే 10 గంటలకు యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు కూడా ఇవ్వాలి. పేరు చూసి, మందు కలిపి, క్యాన్యులా పనిచేస్తోందో లేదో చూసి, నెమ్మదిగా ఎక్కించడానికి ఒక్కొక్కరికీ ఆరేడు నిమిషాలు. పది మందికి గంట పైనే. అంటే 10 గంటల పని ఏ ఆటంకమూ లేకుండా చేసినా అర్ధరాత్రి దాటుతుంది. ఆ రాత్రి 11:10కే అడ్మిషన్ వచ్చింది.

ఇలాంటప్పుడు సిస్టర్లు దేన్ని వదిలేస్తారు? ఇంజెక్షన్ వదలరు, అడుగుతారు కాబట్టి. బిల్లింగ్ వదలరు, జీతంలో కోస్తారు కాబట్టి. ఎవరూ అడగనివి వదిలేస్తారు: శ్వాస లెక్క, పేషెంటుని పక్కకి తిప్పడం, నోరు శుభ్రం చేయడం, ఇంటికి వెళ్లాక ఇన్సులిన్ ఎలా తీసుకోవాలో చెప్పడం, కూతురు చెప్పే మాట కూర్చుని వినడం. అమెరికాలో బియాట్రిస్ కాలిష్ అనే నర్సింగ్ ప్రొఫెసర్ 2006లో నర్సులతో మాట్లాడి దీని మీదే రాశారు. చేయకుండా మిగిలిపోయిన నర్సింగ్ పనులు ఆవిడ చెప్పినవీ మావీ చాలావరకు ఒకటే. సోమరితనం వల్ల వదిలేసినవి కావు అవి. ఏది వదిలేయాలో రాత్రి రెండింటికి ఎనిమిది నెలల అనుభవంతో ఒంటరిగా తేల్చుకోవాల్సి రావడం వల్ల వదిలేసినవి.

లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియా ఆసుపత్రుల్లో చేసి 2002లో ప్రచురించిన అధ్యయనం నర్సింగ్‌లో అందరికీ తెలిసిందే. ఒక నర్సు చూసే పేషెంట్ల సంఖ్య ఒకటి పెరిగినకొద్దీ, ఆపరేషన్ అయినవాళ్లు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున ఎక్కువగా కనిపించింది. 2014లో ప్రచురించిన తొమ్మిది యూరప్ దేశాల అధ్యయనంలోనూ దాదాపు అదే లెక్క. అక్కడే ఇంకోటీ తేలింది, డిగ్రీ చదివిన నర్సులు ఎక్కువ ఉన్నచోట మరణాలు తక్కువ. ఆ దేశాల అంకెల్ని తెచ్చి మన వార్డుకి నేరుగా అతికించకూడదు, అక్కడ పేషెంటు పక్కన రాత్రంతా కూర్చునే కూతురు ఉండదు. కానీ దిశ మాత్రం అదే.

మేనేజ్‌మెంట్ మీటింగ్‌లో నేను మనుషుల్ని అడిగితే వచ్చిన జవాబు ఇది: "28 పడకలకు 11 మంది నర్సులున్నారు మేడం. రెండున్నర పడకలకు ఒకరు. నర్సింగ్ కౌన్సిల్ జనరల్ ఆసుపత్రికి ఐదుగురికి ఒకరు చాలంది. మనమే నయం." వాళ్లు అబద్ధం చెప్పట్లేదు. పుస్తకంలో పేర్లున్నవాళ్లని లెక్కపెడుతున్నారు. బోర్డు మీద ఈ లెక్క వేశాను. వారానికి 168 గంటలు. ఒక నర్సు 48 గంటలు పనిచేస్తుంది. ఒక చోట ఎప్పుడూ ఒక మనిషి నిలబడి ఉండాలంటే 168ని 48తో భాగిస్తే మూడున్నర మంది కావాలి. సెలవులకి, జబ్బులకి, ట్రైనింగ్‌కి ఇంకో 30 శాతం కలపాలి. కలిపితే నాలుగున్నర. 11ని నాలుగున్నరతో భాగిస్తే రెండు, ఇంకో అరకొర. అంటే మా వార్డులో ఏ గంటలో చూసినా నిలబడి ఉండేది ఇద్దరు, మహా అయితే ముగ్గురు. ఆ రాత్రి ఇద్దరే ఉండటం దురదృష్టం కాదు, మా రోస్టర్‌లో ముందే రాసి ఉంది.

కాలిఫోర్నియా 2004 నుంచి అమలు చేస్తున్న నిష్పత్తి అయినా, ఆస్ట్రేలియాలో క్వీన్స్‌ల్యాండ్ 2016లో పెట్టిన పగలు నలుగురికి ఒకరు, రాత్రి ఏడుగురికి ఒకరు అయినా, షిఫ్టులో డ్యూటీ మీద ఉన్న నర్సుల్నే లెక్కలోకి తీసుకుంటాయి. మనం కూడా అలాగే లెక్కపెట్టాలన్నది నా వాదన. మా ఎండీ గారు బోర్డు వైపు చాలాసేపు చూసి, ఆ తొమ్మిది రోజుల ఐసీయూ బిల్లులో మేము మాఫీ చేసింది ఎంతో అకౌంట్స్ వాళ్లని అడిగారు. అది ఇద్దరు సిస్టర్ల ఏడాది జీతం కంటే ఎక్కువ. మూడు పోస్టులకి ఒప్పుకున్నారు. నేను అడిగింది ఆరు.

మార్చినవి

మొదట గడియారాలు. సెకన్ల ముల్లు ఉన్నవి, ప్రతి ఆరు పడకలకీ ఒకటి, ఏ మంచం దగ్గర నిలబడినా కనపడేలా. మొత్తం ఖర్చు ఒక రోజు వార్డు టిఫిన్ల ఖర్చంత కూడా కాలేదు. న్యూస్ చార్టు రంగుల గళ్లతో వేయించాం, టెంపరేచర్‌ని మన థర్మామీటర్లకి తగ్గట్టు ఫారెన్‌హీట్‌లోకి మార్చాం. 5 వస్తే డ్యూటీ డాక్టర్, 7 వస్తే నేరుగా కన్సల్టెంట్. ఫోన్ చేసిన సిస్టర్‌ని ఏమన్నా అనాలనుకుంటే మర్నాడు నాతో అనాలి. ఇది డాక్టర్ల మీటింగ్‌లో చెప్పడం తేలిక కాలేదు. అప్పుడు తిట్టిన సర్జన్ గారే లేచి, "ఆ రాత్రి నాకు ఫోన్ వచ్చి ఉంటే బాగుండేది" అన్నారు. ఆ తర్వాత ఎవరూ వాదించలేదు.

అటెండెంట్ల మాటని కూడా రీడింగులాగే రాస్తున్నాం. ఎగపోస్తోంది, కాళ్లు చల్లబడ్డాయి, మాట తేడాగా ఉంది అని ఇంటివాళ్లు చెబితే ఆ మాటని ఆ మాటగానే చార్టులో రాసి, వెంటనే అన్ని రీడింగులూ మళ్లీ తీయాలి. నా అనుభవంలో తల్లి శ్వాసలో తేడాని కూతురి కంటే ముందు పట్టుకున్న మెషీన్ లేదు.

నైట్‌కి ఫార్మసీ అబ్బాయిని పెట్టారు. బిల్లింగ్ ఎంట్రీలు ఉదయం క్లర్క్ చేస్తున్నారు. నైట్‌లు వరుసగా మూడుకి మించకుండా రోస్టర్ మార్చాం. ఐసీయూకి మనిషిని పంపాలంటే మొదట వార్డు సిస్టర్‌ని అడగాలి, ఆమె వద్దంటే నేను వెళ్లి ఐసీయూలో నిలబడతాను. రెండుసార్లు అలా వెళ్లాను.

నైపుణ్యం విషయం ఇంత త్వరగా తేలేది కాదు. ఐదో రోజు పేగు అతుకు ఉన్న పేషెంటుకి పల్స్ పెరిగి ఆయాసం వస్తే ముందు ఏం అనుమానించాలో పదేళ్ల సిస్టర్‌కి ఒంట్లోనే తెలుస్తుంది. మా దగ్గర అలాంటి వాళ్లు నిలవట్లేదు. ఒకరు గవర్నమెంట్ కాంట్రాక్ట్ పోస్టుకి, ఒకరు గల్ఫ్‌కి వెళ్లారు, ఇద్దరు ఇక్కడే జర్మన్ నేర్చుకుంటున్నారు. సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఆదేశం మేరకు వేసిన కమిటీ, 100 నుంచి 200 పడకల ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు జీతం ప్రభుత్వ జీతం కంటే 10 శాతానికి మించి తగ్గకూడదని సిఫారసు చేసింది. మేము దానికి చాలా దూరంలో ఉన్నాం. ఈ ఏడాది కొంత పెరిగింది, చాలదు. ఉన్నవాళ్లతో రోజూ డ్యూటీ మారే టైమ్‌లో పదిహేను నిమిషాలు ఒకే ఒక్క పేషెంటు మంచం దగ్గర నిలబడి మాట్లాడుకుంటున్నాం: ఈమెకి ఈ రాత్రి ఏం చెడిపోవచ్చు, చెడితే మొదట ఏది మారుతుంది.

సంక్రాంతి వారం

మూడు నెలలు శ్వాస గడిలో నిజమైన అంకెలు కనిపించాయి. 16, 22, 19, 26. రెండుసార్లు స్కోరు 7 దాటి రాత్రే ఫోన్లు వెళ్లాయి. ఒకరికి న్యుమోనియా, ఒకరికి కాలి రక్తం గడ్డ ఊపిరితిత్తులకి చేరింది. ఇద్దరూ క్షేమం.

తర్వాత సంక్రాంతి వచ్చింది. నలుగురు ఊళ్లకి వెళ్లారు, ఒకరికి జ్వరం. నైట్‌కి మళ్లీ ఇద్దరు. పండుగ అయ్యాక షీట్లు చూస్తే భోగి రాత్రి నుంచి కనుమ దాకా గడుల్లో 18, 18, 18. అంకె మారింది, అంతే. గడియారాలు గోడల మీదే ఉన్నాయి, చార్టు ఉంది, ట్రైనింగ్ అయింది. మనుషులు లేరు. ఆ సిస్టర్లని నేను పిలిచి అడగలేదు. ఆ షీట్లనే పట్టుకుని ఎండీ గారి గదికి వెళ్లాను. ఇప్పుడు ప్రతి సోమవారం నేను మొదట చూసేది ఆ గడినే. అంకెలు ఒకేలా ఉన్న రాత్రి ఏదైనా కనిపిస్తే రోస్టర్ తీసి ఆ రాత్రి ఎంతమంది ఉన్నారో చూస్తాను. ఇంతవరకూ ప్రతిసారీ ఇద్దరే ఉన్నారు.

ఆ చిన్న సిస్టర్ మాతోనే ఉంది. ఉద్యోగం మానేస్తానని రెండుసార్లు వచ్చింది. మూడోసారి రాలేదు. సంచి తీసేసే ఆపరేషన్‌కి ఆ పేషెంటు మళ్లీ వచ్చి చేరినప్పుడు, ఆమెని తన బెడ్లలో వేయమని ఆ అమ్మాయే అడిగింది.

ఒప్పుకున్న మూడు పోస్టుల్లో రెండు నిండాయి. మూడోదానికి పోయిన మంగళవారం ఇంటర్వ్యూ చేశాను. బీఎస్సీ నర్సింగ్ చదివిన అమ్మాయి, నరసరావుపేట నుంచి వాళ్ల నాన్నతో వచ్చింది. అన్నీ బాగా చెప్పింది. జీతం ఎంతని కూడా అడగకుండా, లేవబోతూ ఫైలు గుండెకి హత్తుకుని, "ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇక్కడే పెట్టాలా మేడం?" అని అడిగింది. మొన్న మొన్నటి దాకా మేమూ పెట్టించుకునేవాళ్లం, బాండ్ పూర్తయ్యేదాకా ఇచ్చేవాళ్లం కాదు. ఒకసారి చూసి అక్కడికక్కడే ఇచ్చేస్తాం, జిరాక్స్‌లు చాలు అని చెప్పాను. వాళ్ల నాన్న వైపు చూసింది. వచ్చే ఒకటో తారీఖున చేరుతోంది.